గుండ్రంగా పేలిన మహానుభావుడికి

మహారాజశ్రీ కిలోనోవా ఏటీ2017జీఎఫ్‌ఓ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు గుద్దుకుని తునాతునకలైతే పుట్టిన పేలుడు మీరు. మిమ్మల్ని కుశలమడగడం మర్యాద కాదు.

నిన్న ఒక బడిలో మీ మీద నా ఉపన్యాసం. అందుకోసం మొన్న సాయంత్రమంతా మైదాపిండి పిసికి, పెద్ద చపాతీలా ఒత్తి, అంచులకు ఎరుపు, నడిమికి నీలం పూసి ఆరబెట్టాను. తప్పా? సూర్యుడికన్నా బరువుండి, ఒక నగరమంత వెడల్పు మాత్రమే ఉన్న రెండు నక్షత్రాలు సెకనుకు వందల చుట్లు తిరిగి ఢీకొంటే, తునకలు పక్కలకే కదా ఎక్కువగా చిమ్మాలి? తడి గొడుగును గిర్రున తిప్పి చూడండి. చాలామంది పండితులు కూడా మీరు అట్టులా అణిగి ఉంటారనే అనుకున్నారు.

ఏడో తరగతి పిల్ల చెయ్యెత్తింది. “అది బంతిలా ఉందని కనిపెట్టారు కదా సార్, మీరు అట్టు ఎందుకు చేశారు?”

ప్రధానోపాధ్యాయురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నా పరువు మీ ఆకారంలోనే మిగిలింది, గుండుసున్నా.

ఇంటికొచ్చి చదివాను. కోపెన్‌హాగన్‌లోని నీల్స్ బోర్ సంస్థలో ఆల్బర్ట్ స్నెపెన్, డరాక్ వాట్సన్ బృందం 2023లోనే తేల్చేసిందట. మీ వెలుగును రంగులుగా విడదీసి, అందులో స్ట్రాన్షియం అనే లోహం వదిలిన గుర్తులాంటి గీతను పట్టుకుని (మన దీపావళి మతాబులకు ఎరుపునిచ్చే ఆ స్ట్రాన్షియమే) మీరు మా వైపు ఎంత వేగంగా ఉబ్బుతున్నారో కొలిచారు. మీ వేడిని, కాంతిని బట్టి అడ్డంగా ఎంత పెరిగారో లెక్కగట్టారు. రెండూ సరిపోయాయి. కాంతి వేగంలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉరుకుతూ కూడా అంత గుండ్రదనం!

ఎలా కుదిరిందండీ? నడిమధ్య నుంచి ఏదో అపారమైన శక్తి అన్ని వైపులకూ తన్ని మిమ్మల్ని సాపు చేసి ఉంటుందని అనుమానిస్తున్నారు. అనుమానమే. మీరు మాత్రం నోరు విప్పరు.

మిగతా ఫిర్యాదులు చిన్నవి. 2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలు (అంతరిక్షాన్నే సాగదీసి ముడిచే అలలు), 1.7 సెకన్లకు గామా కిరణాలు పంపి, చిలీలో దుర్భిణి వేసుకున్నవాళ్లను మాత్రం దాదాపు 11 గంటలు కూర్చోబెట్టారు. నీలంగా కనబడి రోజుల్లోనే ఎర్రబడ్డారు. బంగారం మీ వంశంవాళ్ల ఇళ్లలో తయారవుతుందంటారు. మా అమ్మాయి పెళ్లికి ఆ మాట చెబితే నగల కొట్టువాడు తులం మీద రూపాయి తగ్గించలేదు.

అసలు నీకు ఏం పోయేకాలం! దాదాపు 13 కోట్ల సంవత్సరాలు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు, కాస్త అణిగిమణిగి వస్తే ఏం? నేను ఒక సాయంత్రమంతా అప్పడాల కర్రతో చచ్చాను!

క్షమించండి. నోరు జారింది.

ఇందాక ఆ చపాతీని పారేయడానికి మనసొప్పలేదు. నీళ్లు చిలకరించి, మళ్లీ పిసికి, ఉండ చేశాను. ఎరుపూ నీలమూ కలిసిపోయి నేరేడు పండు రంగు తిరిగింది. కిటికీలో పెట్టాను. బాగానే ఉన్నారు.

ఇట్లు,
చపాతీ మాస్టారు