పెదనాన్న గ్లాసు

నిన్న శనివారం సాయంత్రం షికాగోలో మంచు కురుస్తోంది. ఇంట్లో వాళ్ళంతా ఎవరిదో పుట్టినరోజు విందుకు వెళ్తే, నేను తలనొప్పి అని తప్పించుకుని, రెండు వీధుల అవతల ఉన్న, బీరు పోసి ఇచ్చే ట్యాప్‌రూమ్‌కు నడిచి వెళ్ళి, బోర్బన్ అనే అమెరికా విస్కీ పీపాలో ఏడాది ఊరిన ఇంపీరియల్ స్టౌట్, అంటే ఘాటైన నల్ల బీరు, తీసుకున్నాను. 12 శాతం ఆల్కహాలు ఉన్న సరుకు కనుక, పొట్ట బొద్దుగా, మూతి సన్నగా ఉండే గ్లాసులో 10 ఔన్సులు, అంటే 300 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ, కొలిచి పోస్తారు. గడ్డాన్ని ఛాతీ దాకా పెంచిన కుర్రాడొకడు దానిని నా ముందు పెట్టి, ఇప్పుడే తాగితే చలికి రుచులన్నీ ముడుచుకుని ఉంటాయనీ, 13 డిగ్రీలకు వచ్చేదాకా రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఓపిక పట్టాలనీ హితబోధ చేసి, డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయిన సంగతి నాకు తరువాత తెలిసింది.

నేను మాట వినే మనిషిని. గ్లాసును హారతి పళ్ళెంలా పట్టుకుని, మూతిలో ముక్కు దూర్చి కూర్చున్నాను. మొదట ఏ వాసనా లేదు. పది నిమిషాలకు మాడబెట్టిన బెల్లం పాకం, ఆ వెనుక ఇత్తడి ఫిల్టరులో మొదట దిగే చిక్కటి డికాక్షన్, ఆపైన సన్నగా వెనిలా తగిలాయి. వెనిలా పీపా చెక్క చలవ. బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే నిలవ ఉంచాలని అమెరికా చట్టం కనుక, ఒకసారి వాడినవి బీరు కాచేవాళ్ళకు దొరుకుతాయి. గోడ మీది పలకలో తోలు వాసన కూడా ఉంటుందని రాశారు గాని, నాకు తగల్లేదు. రాసినవాడు చెప్పుల దుకాణంలో పుట్టి పెరిగి ఉండాలి. 18వ శతాబ్దంలో లండన్ నుంచి రష్యా సామ్రాజ్ఞి కేథరిన్ ఆస్థానానికి ఓడల్లో వెళ్ళింది ఈ జాతి స్టౌటే. ఆవిడ కూడా ఇలాగే అరచేతులు కాపడం పెట్టిందా, లేక ఆ పనికి ఒక మనిషిని పెట్టుకుందా అని ఆలోచిస్తూ కళ్ళు మూసుకున్నాను.

సరిగ్గా అప్పుడే, తెనాలిలో ఆదివారం ఉదయం ఆరున్నరకు కాఫీ తాగి, తాను లేచాక లోకమంతా లేచే ఉంటుందని నమ్మే మా పెదనాన్న వాట్సాప్‌లో ఫోన్ చేశారు. చేతులు ఖాళీ లేవు కనుక ఎత్తలేదు. బల్ల మీద తెర నిండా ఆయన షష్టిపూర్తి ఫొటో వెలిగింది: నుదుట పెద్ద బొట్టు, మెడలో బంతిపూల దండ, ముందు రెండు దీపపు కుందులు. కొత్తగా డ్యూటీ ఎక్కిన అమ్మాయి, ముట్టని గ్లాసును రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్న నన్ను అప్పటికే చాలాసేపటి నుంచి గమనిస్తోందట. దగ్గరకు వచ్చి మెల్లగా ఏదో అడిగింది. పాటల హోరులో వినపడలేదు. వినపడనప్పుడు మనవాళ్ళంతా చేసే పనే చేశాను, తల అటూ ఇటూ ఊపాను. ఈ ఊపుకు మన దగ్గర అవునని, కాదని, సరేలెమ్మని, నన్నొదిలెయ్యమని నాలుగు అర్థాలుంటాయి. అమెరికాలో ఒక్కటీ లేదు కనుక ఎవరికి తోచింది వారు తీసుకుంటారు. ఆమె ఫోన్ చూపించి, ఈయనేనా అంది. అవును, మా పెదనాన్న, చిన్నప్పుడు నన్ను పెంచింది ఈయనే అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ గడ్డం కుర్రాడు తన హితబోధలో ఒక్క ముక్క ఆమె చెవిన కూడా వేసి వెళ్ళి ఉంటే ఎంత బాగుండేది! రెండు నిమిషాల్లో ఇంకో గ్లాసు వచ్చి నా ఎదుటి ఖాళీ కుర్చీ ముందు కూర్చుంది. పక్క బల్ల వాళ్ళు నలుగురూ లేచి నిలబడి, “పెడనానా” అంటూ గ్లాసులెత్తారు. అప్పటికి గాని నాకు విషయం బోధపడలేదు. ఆయన ఇప్పుడే ఫోన్ చేశారని చెబితే దుఃఖంతో మతి చలించిందనుకుంటారు. చేసేది లేక నేనూ లేచి, అంతసేపటి తపస్సును మూడు గుక్కల్లో మింగేశాను. రుచి నాకు గుర్తు లేదు.

ఎదుటి గ్లాసు మంచులా చల్లగా, చెమట పట్టి ఉంది. పిండం దగ్గర కాకి కోసం చూసినట్టు అందరూ దాని వంకే చూస్తున్నారు. ఫోన్ మళ్ళీ మోగింది. బోర్లా పెట్టి కౌంటరు దగ్గరకు వెళ్ళాను. ఆ అమ్మాయి నా చెయ్యి నొక్కి, బిల్లు తెరను నా వైపు తిప్పింది. టిప్పు 20 శాతం నుంచి మొదలు. దాని పైన రెండు స్టౌట్లున్నాయి. పెదనాన్నది కూడా నా లెక్కలోనే వేశారు.