ఆ అంగవస్త్రం అంచున అరబ్బీ అక్షరాలు

పండక్కి ఊరెళ్తే మా పిన్ని కొడుకు వాళ్ల గేమింగ్ గ్రూప్ డీపీ చూపించాడు. ఇనప కవచం తొడుక్కున్న యోధుడు, ఛాతీ మీద ఎర్ర శిలువ, కింద 'డేయుస్ వుల్ట్'. "భలే ఉంది కదక్కా" అన్నాడు. లాటిన్‌లో 'దైవ సంకల్పం' అని దానర్థం, క్రూసేడ్ల నాటి నినాదం, అంటే జెరూసలేం కోసం ముస్లింల మీద యూరప్ క్రైస్తవులు చేసిన మధ్యయుగపు యుద్ధాల నాటిది. ఇంటర్ కుర్రాడు, వాడికేం తెలుసు? కానీ ఆ బొమ్మ ఎవరెవరి చేతులు మారి వాడి దాకా వచ్చిందో తలుచుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

2011లో నార్వేలో 77 మందిని చంపినవాడు తాను టెంప్లర్ యోధుణ్ణని, అంటే క్రూసేడ్లలో పోరాడిన క్రైస్తవ దండు మనిషినని చెప్పుకున్నాడు. 2017లో అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో తెల్లజాతి దురహంకారులు ఇదే నినాదం రాసిన డాళ్లు పట్టుకుని ఊరేగారు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని పొట్టన పెట్టుకున్నవాడి తుపాకుల మీద 732 నాటి యుద్ధంలో ముస్లిం సైన్యం మీద గెలిచిన ఫ్రాంకుల నాయకుడు చార్లెస్ మార్టెల్ పేరుంది. ఆ రోజు పోయినవాళ్లలో మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. జుమ్మా నమాజుకు వెళ్లిన మనిషికి, దాదాపు 1300 ఏళ్ల కిందటి యుద్ధానికి ఏం సంబంధం? ఏమీ లేదు. ఈ బొమ్మలు చేసే పని అదే. పక్కింటి మనిషిని పాతకాలపు శత్రువుని చేస్తాయి, కడుపులో కక్ష తప్ప ఏమీ లేనివాడికి వీరుడి వేషం కడతాయి.

పైగా వాళ్లు కలవరించే ఆ 'స్వచ్ఛమైన తెల్ల యూరప్' ఎన్నడూ లేదు.

వియన్నాలోని హోఫ్‌బర్గ్ ఖజానాలో ఒక పట్టాభిషేక అంగవస్త్రం ఉంది. ఎర్ర పట్టు మీద బంగారు జరీ, ముత్యాలు. నడుమ ఖర్జూరపు చెట్టు, అటూ ఇటూ ఒంటె మీద పడిన సింహాలు. అంచు పొడవునా అరబ్బీ అక్షరాలు. సిసిలీని ఏలిన క్రైస్తవ రాజు రెండో రోజర్ కోసం పలెర్మోలో తయారైంది. హిజ్రీ 528 అని, అంటే 1133-34 అని, ఆ అంచు మీదే ఉంది. ఆ సింహం సిసిలీని గెలుచుకున్న రోజర్ జాతివాళ్లు నార్మన్లు, ఒంటె వాళ్ల చేతిలో ఓడిన అరబ్బులు అనేవాళ్లూ ఉన్నారు. అదే నిజమనుకుందాం, ఆ గెలుపుని కూడా రాజు అరబ్బీ అక్షరాల నడుమే వేయించుకున్నాడు! తర్వాత శతాబ్దాల పాటు జర్మనీ ప్రాంతాన్ని ఏలిన 'పవిత్ర రోమన్' చక్రవర్తుల పట్టాభిషేకానికి వాడింది దీన్నే.

ఆ సామ్రాజ్యం కొలిచిన పునీతుడు మారిస్. జర్మనీలోని మాగ్డెబర్గ్ కెథడ్రల్‌లో 13వ శతాబ్దపు ఆయన విగ్రహం చూడండి. ఒంటినిండా కవచం, ముఖం స్పష్టంగా ఆఫ్రికా మనిషిది.

ఇక క్రూసేడ్లంటారా, 1096లో జెరూసలేం దారి పట్టిన మూకలు ముందు మైన్జ్, వార్మ్స్ పట్టణాల్లో యూదుల్ని ఊచకోత కోశాయి. 1204లో క్రూసేడర్లు దోచింది సాటి క్రైస్తవుల నగరం కాన్‌స్టాంటినోపుల్‌ని (నేటి ఇస్తాంబుల్). వీళ్ల పోస్టర్లలో ఇవేవీ కనిపించవు.

నిన్న మావాడికి ఆ అంగవస్త్రం ఫొటో పంపి, అంచు జూమ్ చేసి చూడమన్నాను. "అక్కా, ఇది చార్మినార్ దగ్గర బోర్డుల మీద రాతలాగుందే, ఏ రాజుది?" అని మెసేజ్ పెట్టాడు. డీపీ ఇంకా మార్చలేదు. ఆదివారం ఇంటికి రమ్మన్నాను.