మహారాజశ్రీ క్రెడిట్ స్కోరు గారికి, అనంతపురం నుంచి

మహారాజశ్రీ క్రెడిట్ స్కోరు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఆచారం. మీ కుశలం సంగతి మాకు తెలీదు. మా కుశలం మాత్రం మీ చేతుల్లోనే ఉంది గనుక ఆ మాట సగమే రాశానని అనుకోండి.

మేం అప్పులు కట్టే తీరుకు మార్కులు వేసే మీ దొడ్డ మనసుకు ముందుగా ఒక దండం. మా పిల్లలకు లెక్కల్లో సున్నా కూడా వస్తుంది. మీ దగ్గర ఎంత ఎగవేతదారుకైనా 300 ఖాయం. అటువైపు ఎంత బుద్ధిమంతుడైనా 900 దాటడు. మధ్యలో 750 దగ్గర ఎవరో ఒక గీత గీశారట. గీతకు అవతల ఉంటే "కూర్చోండి సార్", ఇవతల ఉంటే "మళ్లీ చూద్దాం". ఏ బ్యాంకు గీత ఆ బ్యాంకుదే అయినా, ఆటో తోలేవాని నుంచి అడ్వకేటు దాకా టవర్‌క్లాక్ చుట్టుపక్కల అందరికీ ఆ అంకె నోటికొచ్చు.

చిన్నప్పుడు ఏ పని చేయబోయినా ఇంట్లో "నలుగురూ ఏమనుకుంటారు?" అని ఆపేవాళ్లు. ఆ నలుగురు ఎవరో నాకెప్పుడూ అంతుపట్టలేదు. ఇప్పుడు పేర్లతో సహా తెలిసింది, మన అప్పుల చిట్టా రాసే నాలుగు కంపెనీలు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. 2005లో చట్టం చేసి మరీ, మన గురించి అనుకునే పని వీళ్లకు అప్పజెప్పారు. నలుగురూ ఒకే మాట అనుకుంటారా అంటే అదీ లేదు, ఎవరి అంకె వారిదే. మన దేశంలో అందరికన్నా ముందు, 2000లో పుట్టింది సిబిల్ కాబట్టి మావాళ్లు మిమ్మల్ని ఆ పేరుతోనే పిలుస్తారు. "వానికి సిబిలు లేదంట" అని ఎవరైనా గొంతు తగ్గించి చెబితే పెళ్లి సంబంధం దాకా పోతుంది కథ.

మీరు రాకముందు మాకు పరపతి అనేది లేక కాదు. వేరుశనగ మండీ సావుకారు నూటికి రెండు రూపాయల వడ్డీ రాసి, ప్రోనోటు మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సాక్షుల చేత సంతకాలు పెట్టించేవాడు. ఆయన మహా మంచివాడని నేను చెప్పను. లెక్క తేల్చే పూట ఆయన కలం ఎప్పుడూ ఆయన వైపే మొగ్గేది. కానీ ఆ ఏడు చేను ఊడలు దిగే సమయానికి చినుకు రాలలేదని ఆయనకు తెలుసు. మీకు తెలీదు. మీ రిపోర్టు నేను దగ్గర పెట్టుకుని చూశాను. నెలకొక గడి, గడికి మూడంకెలు. 000 ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదని, 090 ఉంటే గడువు దాటి తొంభై రోజులైందని. మా ఊరి రైతు పంట రుణం ఎదురుగా 090 ఉంది. ఆ మూడంకెల్లో వాన ఎక్కడుంది? కాయ ధర ఎక్కడుంది? గోవా తిరిగొచ్చి కార్డు బిల్లు ఎగ్గొట్టినవాని గడిలోనూ అచ్చంగా అదే 090. సమన్యాయం అంటే మీదే సుమా.

మా పెద్దనాయన విషయంలో మీరు చూపిన న్యాయం ఇంకా గొప్పది. ఆయన రిటైరైన టీచరు. చీటీ పాడి ఇల్లు కట్టాడు, పీఎఫ్ తీసి కూతురి పెళ్లి చేశాడు, ఎవరి గుమ్మం ముందూ చెయ్యి చాచలేదు. ఆసుపత్రికి అవసరపడుతుందని ఈ వయసులో ఒక కార్డు అడిగితే, మీరిచ్చిన మార్కు మైనస్ ఒకటి. చరిత్ర లేదని దానికి అర్థమట. "ఏం రా, ఎగ్గొట్టినోనికి మూడు నూర్లు, నాకు మైనస్సా?" అన్నాడాయన. "అప్పు లేనివాడే అధిక సంపన్నుడు" అని బోర్డు మీద రాసి మాచేత నూరుసార్లు దిద్దించిన మనిషికి నేనేం జవాబు చెప్పేది?

తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆ మాట కౌంటరు దాకా ఇంకా దిగినట్టు లేదు. అక్కడ చెప్పిన ఉపాయం వేరు: ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి దాని మీద కార్డు తీసుకోమన్నారు. అంటే తన డబ్బు తీసుకెళ్లి బ్యాంకులో పెట్టాలి, దాన్ని చూపి అప్పు పుట్టించుకోవాలి, ఆ అప్పు వేళకు కట్టి తాను మంచివాడినని రుజువు చేసుకోవాలి. డెబ్బై దాటాక.

ఇక అసలు సంగతికి వస్తాను. మా బామ్మర్ది.

సప్తగిరి సర్కిల్ దగ్గర గొడుగు కింద ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. ఏ బ్యాంకు అన్నది వదిలేయండి, అన్ని గొడుగులూ ఒక్కటే. "అన్నా, లైఫ్‌టైమ్ ఫ్రీ, బ్యాగు కూడా ఇస్తాం" అన్నాడు. మావాడు ఆధార్ చెప్పాడు, పాన్ చెప్పాడు, ఓటీపీ చెప్పాడు. బ్యాగు చంకన వేసుకుని ఇంటికి చేరే లోపల "మీ క్రెడిట్ రిపోర్టును ఫలానా బ్యాంకు చూసింది" అని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత చూసుకుంటే మీరు కొన్ని పాయింట్లు కోసేశారు. "బావా, కార్డు ఇంకా చేతికే రాలేదు, రూపాయి గీకలేదు, అప్పుడే ఎందుకు తగ్గింది?" అని వాని గోల.

వానికి నేను చెప్పిన లెక్క మీ ముందూ పెడుతున్నాను, తప్పుంటే దిద్దండి. అప్పు అడిగినప్పుడు బ్యాంకు మీ గుమ్మం తొక్కడమే ఒక హార్డ్ ఎంక్వైరీ. ఇచ్చారా లేదా అన్నది తర్వాతి మాట, అడిగినందుకే గీటు పడుతుంది. ఒకటైతే చిన్న గీటే, నెలలు గడిస్తే మాసిపోతుంది. మావాడు అంతటితో ఆగాడు కాబట్టి సరిపోయింది. ఒక బ్యాంకు కాదంటే అదే వారంలో ఇంకోదానికి, అదీ కాదంటే మరోదానికి అప్లికేషన్ పెట్టేవాళ్లున్నారు. ఎవరు కాదన్నారో మీరు రాయరు, ఎంతమందిని అడిగాడో మాత్రం వరసగా రాసి పెడతారు. అది చూసి నాలుగో బ్యాంకు "ఇతనికేదో కష్టం వచ్చినట్టుంది" అనుకుని తలుపు వేస్తుంది. కష్టంలో ఉన్నవానికే అప్పు కావాలన్న సంగతి ఆ తలుపు వేసినవారికి గుర్తురాదు.

ఆ తర్వాత వయసు. మావానికి పదేళ్లనాటి కార్డు ఒకటి, ఎనిమిదేళ్లనాటి బండి లోను ఒకటి ఉన్నాయి. సగటున తొమ్మిదేళ్ల ఖాతాదారు, గౌరవనీయుడు. నిన్న పుట్టిన కార్డు వచ్చి పక్కన చేరగానే సగటు ఆరేళ్లకు పడింది. ఒక్క ప్లాస్టిక్ ముక్కతో మనిషికి మూడేళ్లు తగ్గించే విద్య మీకే చెల్లింది. మా ఆడవాళ్లకు తెలిస్తే క్యూ కడతారు.

కోత అక్కడితో అయిపోతే మిమ్మల్ని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. కానీ మీరు మళ్లీ బుజ్జగిస్తారు కూడా. పాత కార్డు లిమిట్ యాభై వేలు. మావాడు నెలకు ఇరవై వేలు గీకేవాడు, అంటే నలభై శాతం. ముప్ఫై లోపల ఉంటే మేలని బ్యాంకువాళ్లు చెబుతుంటారు. కొత్త కార్డు లక్ష లిమిట్‌తో వచ్చాక మొత్తం లక్షన్నర. ఖర్చు అదే ఇరవై వేలు, శాతం మాత్రం పదమూడుకు దిగింది. వాని జీతం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు, బుద్ధి మారలేదు. అయినా కొన్నాళ్లకు మీ కళ్లకు పొదుపరి అయిపోయాడు. చేతిలో ఎక్కువ అప్పు ఉంచుకుని తక్కువ వాడేవాడే మీకు ముద్దు. అప్పే వద్దనేవాడు మైనస్ ఒకటి.

ధర్మవరం సంగతి కూడా రాయకుండా ఉండలేను. చెల్లెలి పెళ్లికి మావాడు పట్టుచీరలకని ధర్మవరం పోయి పాత కార్డు మీద నలభై ఐదు వేలు గీకాడు. గడువుకు ముందే పైసలతో సహా కట్టేశాడు, ఒక్క రూపాయి వడ్డీ పడలేదు. అయినా మీరు మొహం చిట్లించారు. ఎందుకంటే నెల బిల్లు తయారయ్యే స్టేట్‌మెంట్ తేదీన ఉన్న బాకీ మీకు చేరింది, కట్టేసిన సంగతి ఆ తర్వాత చేరింది. ఆ నడుమ రోజుల్లో మీ పుస్తకంలో వాడు ఆ కార్డు లిమిట్‌లో తొంభై శాతం వాడేసి అప్పులో మునిగినవాడు. పెళ్లికూతురు పీటల మీద, అన్న ఎర్ర గీత మీద. స్టేట్‌మెంట్ రాకముందే కొంత కట్టేస్తే మీకు కోపం రాదని ఇప్పుడు ఊరంతా చెబుతున్నాడు. పెళ్లిళ్ల సీజన్లో ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలామంది బాగుపడతారు.

ఇన్ని చూసి విసిగి, పాత కార్డు మూసేస్తానని బయల్దేరాడు. ఆపాను. అది పోతే ఉన్న లిమిట్‌లో యాభై వేలు తగ్గుతుంది, పదేళ్ల పరిచయానికి అక్కడితో ఎదుగుదల ఆగుతుంది. ఏడాది ఫీజు లేనిదే కనుక ఆ కార్డు ఇప్పుడు బీరువాలో పాత పట్టాపాసు పుస్తకాల మధ్య విశ్రాంతి తీసుకుంటోంది. ఎప్పుడైనా దానితో పెట్రోలు పోయిస్తాడు, అది చచ్చిపోలేదని మీకు తెలియడానికి.

మావాడు ఇల్లు కొనే పనిలో ఉన్నాడని చెప్పడం మరిచాను. హోమ్‌లోన్ ఆఫీసరు రిపోర్టు చూసి, "ఈ మధ్యే కార్డు తీసుకున్నట్టున్నారే, కొన్నాళ్లు ఆగి రండి" అన్నాడు. ఆ మాట సబబే. ఇంటి అప్పు తలపెట్టినవాడు ముందు నెలల్లో గొడుగుల జోలికి పోకూడదు. కాకపోతే అదే బ్యాంకు పేరుతో అదే సాయంత్రం ఫోను: "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ కార్డు రెడీగా ఉంది." ఇంట్లో ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరా స్వామీ?

ఇంకో మాట. తన స్కోరు తాను చూసుకున్నా తగ్గుతుందని మా వీధిలో సగం మంది భయపడి చస్తున్నారు. అద్దంలో చూసుకుంటే అందం తరిగిపోతుందా? అది సాఫ్ట్ ఎంక్వైరీ, పాయింటు పోదు. పైగా నలుగురి దగ్గరా ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితం. ఈ మాట మీరే ఒకసారి దండోరా వేయించి ఉంటే బాగుండేది.

మీ మీద కూడా గడువులున్నాయని విన్నాను. తప్పు దిద్దమని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేలాలి, తేలకపోతే రోజుకు వంద రూపాయలు ఫిర్యాదుదారుకు ఇవ్వాలి. సంతోషం. ఆ ఆలస్యం మీ పేరు పక్కన కూడా ఏదైనా గడిలో 030 అని పడుతుందా? పడితే ఆ రిపోర్టు మాకెక్కడ దొరుకుతుంది? 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి మా సంగతులు మీకు చేరవేస్తున్నాయి కదా, మీ సంగతులు కూడా అప్పుడప్పుడు ఇటు పంపే ఏర్పాటు చూడండి.

చివరిగా ఒక చిన్న విన్నపం. ఈ ఉత్తరం నా గురించి నేనే అడుగుతున్నది. దీన్ని సాఫ్ట్ ఎంక్వైరీ కిందే రాసుకోవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
మీ విధేయుడు,
పాతూరు, అనంతపురం