సరిహద్దు సంఘాల్లో పెద్దరికం ఎవరిది?

పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ నది ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం మద్రాసు రాజధానిలోనే ఉండిపోయింది. గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల్లోని తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఆనాటి నుంచీ ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషగా బతుకుతున్నాయి. ఆదివారం ఆరాధన ఏ భాషలో జరగాలన్న చర్చ ఇక్కడి సంఘాల్లో ఎప్పుడూ ఉండేదే. అయితే ఆ చర్చ జరిగేటప్పుడు ఎవరూ ఎత్తని ప్రశ్న ఒకటుంది. సంఘాన్ని నడిపే పెద్దలను ఎన్నుకున్నది ఎవరు, ఎంత కాలానికి, వారు లెక్క చెప్పవలసింది ఎవరికి? భాష తగాదా చాలాసార్లు ఈ ప్రశ్నకు వేసిన ముసుగేనని నా అభిప్రాయం. దీనికి అందరికన్నా వివరంగా జవాబు రాసిపెట్టుకున్నది, పెద్దల సభల ద్వారా సంఘాన్ని నడిపే ప్రొటెస్టంట్ శాఖ అయిన ప్రెస్బిటేరియన్ సంప్రదాయం కాబట్టి, ఆ ఏర్పాటును మన సరిహద్దు జిల్లాల అనుభవం పక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రాంతంలో మిషన్ల చరిత్ర ప్రధానంగా వేరే పేర్లతో సాగింది. కోరాపుట్ వైపు 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు, బరంపురం వైపు ఇంగ్లండు బాప్టిస్టులు పని చేశారు. మన దేశంలో ప్రెస్బిటేరియన్ పేరు బలంగా నిలిచింది ఈశాన్యంలో. 1841లో వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ కొండల్లోని సోహ్రాకు చేరడంతో మొదలైన పని నేటి మేఘాలయ, మిజోరాం సంఘాలుగా ఎదిగింది. నాగపూర్‌లో స్కాట్లాండ్ వారి మిషన్ ఉండేది. ఆ నాగపూర్‌లోనే 1970 నవంబరు 29న ఆరు సంఘాలు కలిసి చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియాగా ఏర్పడినప్పుడు ప్రెస్బిటేరియన్ పాయ కూడా అందులో కలిసిపోయింది. దక్షిణాన అంతకు ముందే, 1947 సెప్టెంబరు 27న, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పాటుతో అదే జరిగింది.

ఆ కలయికల్లో ఒక మాటకు స్థానం మారింది. గ్రీకులో ‘ప్రెస్బుతెరొస్’ అంటే పెద్ద, వయసులో పెద్దవాడు. తెలుగు బైబిలు దాన్ని సూటిగా ‘పెద్దలు’ అనే అనువదించింది. ఐక్య సంఘాల్లో మాత్రం ‘ప్రెస్బిటర్’ అంటే అభిషేకం పొందిన పాస్టరుగారే. ముందు బెంచీలో కూర్చునే సంఘ పెద్దను ఆ పేరుతో ఎవరూ పిలవరు. అసలు ప్రెస్బిటేరియన్ల లెక్కలో ఇద్దరూ పెద్దలే. మొదటి తిమోతి 5వ అధ్యాయంలో ‘బాగుగా పాలన చేయు పెద్దలు’ అని చెప్పి, వారిలో ‘విశేషముగా వాక్యమందును ఉపదేశమందును ప్రయాసపడువారు’ అని విడిగా చెప్పిన మాటను ఆధారం చేసుకుని, బోధించే పెద్ద ఒకరు, పాలించే పెద్దలు కొందరు అని వారు వివరించుకున్నారు. పాస్టరు మొదటి కోవ, బెంచీ మీదివారు రెండో కోవ. వీరందరూ కూర్చున్న సభను సెషన్ అంటారు. పాస్టరు దానికి అధ్యక్షత వహిస్తారు, ఒక క్లర్కు మినిట్సు రాస్తారు. సభ్యుల చేర్పు, క్రమశిక్షణ, ప్రభుబల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఏర్పాటు అన్నీ ఆ సభ పనులే. వాటిలో ఏ ఒక్కటీ పాస్టరు ఒంటరిగా తేల్చరు.

ఇందులో బయటివారికి వింతగా తోచే అంశం ఒకటుంది. పాస్టరు సభ్యత్వం ఆ స్థానిక సంఘంలో ఉండదు, ఆ ప్రాంతపు సంఘాలన్నిటికీ పైనున్న ప్రెస్బిటరీ అనే సభలో ఉంటుంది. సంఘం పాస్టరును పిలుస్తుంది, ప్రెస్బిటరీ ఆ పిలుపును ఆమోదిస్తుంది. నచ్చని పాస్టరును నలుగురు పెద్దలు ఏకమై రాత్రికి రాత్రి సాగనంపలేరు, ఎదురు మాట్లాడిన పెద్దను పాస్టరు బెంచీ మీంచి లేపలేరు. తగవు వస్తే అది పాస్టర్లూ పెద్దలూ కలిసి కూర్చునే ప్రెస్బిటరీకి, అక్కడా తెగకపోతే ఇంకా పై సభ అయిన సినడ్‌కు వెళుతుంది. సెషన్ మినిట్సు పుస్తకాన్ని ప్రెస్బిటరీ తెప్పించుకుని చూసి సంతకం చేసే ఆచారం కూడా ఉంది. ఎక్కడో పది మంది కూర్చుని చేసిన తీర్మానాన్ని వేరే ఊరివాళ్లు చదువుతారన్న ఎరుక రాసే చేతిని కొంత అదుపులో ఉంచుతుంది.

మన దగ్గర ‘పెద్ద’ అన్న మాట ఖాళీ చేతులతో గుడిలోకి రాలేదు. మైదాన గ్రామాల్లో నాయుడు, సవర ఊళ్లలో గమాంగో అప్పటికే ఉన్నారు. ఆ పెద్దరికం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఊరి పెద్ద క్రైస్తవుడైతే గుడి పెద్ద కూడా ఆయనే కావడం సహజమనిపించింది. స్థలమిచ్చిన కుటుంబం ఉన్నచోట ఆ కుటుంబానిది మరో రకం హక్కు. ‘మా తాత ఇచ్చిన జాగా’ అన్న వాక్యానికి ఎదురు చెప్పే నియమావళి నేను చూసిన సంఘాల్లో ఉన్నా, తీసి చదివే ధైర్యం ఉన్నవాళ్లు తక్కువ. ఇలాంటి పెద్దలందరూ చెడ్డవారని నేను అనడం లేదు, వానాకాలంలో గుడి కప్పు కారితే సొంత డబ్బుతో రేకులు వేయించినవారు వారిలోనే ఉన్నారు. చిక్కేమిటంటే, సొంత డబ్బుతో రేకులు వేయించిన మనిషిని మరుసటి ఏడు కానుకల లెక్క అడగడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ చిక్కు స్కాట్లాండ్ వారికీ తెలియనిది కాదు. 1560 నాటి వారి మొదటి క్రమశిక్షణ గ్రంథం పెద్దలనూ పరిచారకులనూ ఏటేటా ఎన్నుకోవాలని చెప్పింది. ఎక్కువ కాలం పదవిలో ఉన్నవారు సంఘ స్వేచ్ఛను తమ చేతిలోకి తీసుకుంటారన్న భయం దానికి కారణం. 1578 నాటి రెండో గ్రంథం అందుకు భిన్నంగా, పెద్దరికం ఒకసారి వస్తే జీవితాంతం నిలిచేదని అన్నది. ఇప్పటి అమెరికా ప్రెస్బిటేరియన్ చర్చి మధ్యేమార్గం పట్టింది: పెద్దగా పొందిన అభిషేకం జీవితాంతం ఉంటుంది, సెషన్‌లో కూర్చోవడం మాత్రం మూడేళ్ల గడువు, వరుసగా ఆరేళ్లకు మించకూడదు, ఆ తరువాత కనీసం ఏడాది విరామం. మన సరిహద్దు సంఘాలకు ఈ మూడో పద్ధతే సరిపోతుందని నాకనిపిస్తుంది. కుర్చీ దిగినా ఆ మనిషి పెద్దగానే ఉంటాడు కాబట్టి పరువు పోయిందన్న బాధ ఉండదు. ఇక్కడ చాలా మంది కుర్చీ పట్టుకుని వేలాడేది పెత్తనం కోసం కన్నా ఆ పరువు కోసమే.

మిజోరాంలో పెద్దను ‘ఉపా’ అంటారు. పాస్టరును సినడ్ నియమిస్తుంది, ఆయన ఒక్కరికే అనేక సంఘాలు ఉంటాయి, బదిలీలూ ఉంటాయి. ఊళ్లో సంఘాన్ని రోజూ నడిపేది ఉపాలే. మన పరిస్థితి కూడా అదే కదా. గుణుపురం, రాయగడ చుట్టుపక్కల పల్లెల్లో అయ్యగారు నెలకొక ఆదివారం ప్రభుబల్ల ఇవ్వడానికి వస్తారు, మిగతా ఆదివారాలు ఉపదేశి (అభిషేకం లేని బోధకుడు) ఉంటే ఉపదేశి, లేకపోతే పెద్దల్లో ఒకరు. సమాధి కార్యక్రమం అయ్యగారి రాక కోసం ఆగదు. ఇంత పని ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో వారి ఎంపిక మాత్రం అయిదు నిమిషాల్లో, ‘పాతవారినే కొనసాగిద్దామా?’ అన్న ప్రశ్నతో, చప్పట్లతో ముగుస్తుంది.

పరిచారకుల సంగతి ఇంకా ఆసక్తికరం. తెలుగు బైబిలులో ఆ మాటే ఉన్నా ఎవరూ తమను తాము పరిచారకుడని చెప్పుకోరు, ‘డీకన్’ అంటారు. పరిచారకుడంటే వడ్డించేవాడు, చేతికింది పని చేసేవాడు. ఇంగ్లిషు మాటలో ఆ వాసన రాదు. అయితే ఈ పని పుట్టిందే వడ్డన దగ్గర. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో, అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూశారని గ్రీకుభాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణిగారు. అంటే తొలి సంఘంలో తొలి పాలనా తగాదా అన్నం దగ్గర, భాష పేరుతో వచ్చిందన్నమాట. దాన్ని ఎలా తీర్చారో చూడండి. ఏడుగురిని సంఘమే ఎంచుకుంది: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన పక్షం మనుషుల చేతికే పంపకం వెళ్లిందని ఆ పేర్లను బట్టి చాలా మంది వ్యాఖ్యాతలు భావిస్తారు. తెలుగు, ఒడియా కుటుంబాలు ఒకే పైకప్పు కింద కూర్చునే సంఘంలో ఈ అధ్యాయం మీద ప్రసంగాలు నేను చాలా విన్నాను. ఏడు పేర్ల దగ్గర ఆగిన ప్రసంగం ఒక్కటీ వినలేదు. సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: ఎక్కువ మంది మాట్లాడే భాషవారి చేతిలో కానుక పెట్టె, తక్కువ మంది మాట్లాడే భాషవారికి ఒక పాట.

కొన్నేళ్లు ఒక సంఘంలో కానుకల లెక్క రాసిన అనుభవం నాది. ఆరాధన అయ్యాక వెనక గదిలో బల్ల మీద సంచి బోర్లించేవాళ్లం. ఒకరు నోట్లు విడదీస్తే ఇంకొకరు చిల్లర దొంతరలు పేర్చేవారు. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి ఒకే అంకె వచ్చాకనే పుస్తకంలో ఎక్కించి, ఇద్దరం సంతకం పెట్టేవాళ్లం. స్త్రీల సమాజంవారు తెచ్చే పిడికెడు బియ్యాన్ని కూడా డబ్బాతో కొలిచి రాసేవాళ్లం. తరువాత కానుక పెట్టె మీద క్యూఆర్ కోడ్ అంటించారు. అది ఒక పెద్దమనిషి సొంత ఖాతాకు కలిపినదని తెలియడానికి కొన్ని నెలలు పట్టింది. ఆయన తినలేదనే నేను నమ్ముతాను, అడిగినప్పుడు ఫోనులో చూపించారు కూడా. కానీ సంఘం ధనం ఒక మనిషి ఫోనులో ఉండడం, ఆయన చూపిస్తేనే మనం చూడగలగడం, ఇద్దరు కలిసి లెక్కపెట్టే పాత పద్ధతిని ఎవరూ తీర్మానం చేయకుండానే రద్దు చేసింది. సంఘం పేరిట ఖాతా, ఇద్దరి సంతకాలు, ప్రతి నెలా గోడ మీద జమాఖర్చు అన్నవి పరిచారకుల చేతిలో ఉండాల్సిన పనులు. ఇవి లేనిచోట డీకన్ అంటే ఆదివారం కానుక సంచి పట్టుకుని నడిచే మనిషి మాత్రమే.

పెద్దల అసలు పని గుడి బయట ఉంటుంది. పాత స్కాట్లాండ్‌లో ప్రతి పెద్దకూ కొన్ని వీధులు అప్పగించేవారు. ప్రభుబల్లకు ముందు ఆయన ఆ ఇళ్లకు వెళ్లి పలకరించి, తగినవారని తోచినవారికి సీసంతో పోత పోసిన చిన్న బిళ్ల ఇచ్చేవాడు. బిళ్ల చూపనిదే బల్ల దగ్గర చోటు దొరికేది కాదు. ఆ పద్ధతికి క్రూరమైన ముఖం కూడా ఉంది. ఇంటి గుట్లు విచారించడం, తప్పు చేసినవారిని గుడిలో అందరి ఎదుట ప్రత్యేకమైన పీట మీద కూర్చోబెట్టడం, జరిమానాలు వేయడం అందులో భాగాలే. ఆ బిళ్లలు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. ఏటా కొన్నిసార్లయినా పెద్ద తన వాటా ఇళ్ల గడప తొక్కక తప్పని ఏర్పాటు మాత్రం కోరుకోదగ్గది. రైల్వే పని నుంచి రిటైరై కాళ్లు పడిపోయిన భర్తతో ఉంటున్న ఒక ముసలావిడ నాతో అన్న మాట ఇది: ‘చందా పుస్తకం అట్టుకొని వొస్తారు గానీ, ఒట్టినే మా ఇంటికేసి ఒక్క పెద్దా రానేదు బాబూ.’

నిజానికి ఆ ఇళ్లకు వెళ్లేవారు ఉన్నారు, వారికి పదవి లేదు. మిషన్ కాలంలో బైబిలు స్త్రీలు, ఇప్పుడు స్త్రీల సమాజం సభ్యులు. బాలింతను చూసేదీ, ఆసుపత్రిలో రాత్రి తోడుండేదీ వారే. రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో ఫీబేను తెలుగు బైబిలు ‘సంఘపరిచారకురాలు’ అనే అంటుంది. అమెరికా ప్రెస్బిటేరియన్లలో పెద్ద శాఖ ఒకటి 1930లోనే స్త్రీలను పెద్దలుగా ఒప్పుకుంది, స్కాట్లాండ్ చర్చి 1966లో ఒప్పుకుంది. మన బెంచీ మీద ఒకరో ఇద్దరో స్త్రీలు ఉన్న చోట్ల కూడా వారిని ‘స్త్రీల ప్రతినిధి’ అని పిలవడం చూశాను. మగవారిని మగవారి ప్రతినిధులని ఎవరూ అనరు.

భాష విషయానికి వస్తాను. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాసిందీ పర్లాకిమిడిలో ఉంటూనే. అదే ఊరి చుట్టుపక్కల నేటికీ పెద్దలు ప్రార్థనకు లేవగానే ‘దయచేయుము’, ‘ఆలకించుము’ అనే గ్రాంథికంలోకి వెళ్లిపోతారు. అది నాకు వినసొంపుగానే ఉంటుంది. ఒడియా బడిలో చదివిన కుర్రవాడికి మాత్రం అది మరో పరాయి భాష. కీర్తనల పుస్తకంలోని తెలుగు పాటలను ఒడియా లిపిలో నోటుబుక్కులో రాసుకుని పాడే పిల్లలను నేను ఎరుగుదును. తెలుగు మాట్లాడతారు, పాడతారు, చదవలేరు. అలాంటి వారిలో ఒకరిని పెద్దగా ఎన్నుకుందామా అంటే, ‘బైబిలు చదవలేనివాడు పెద్దేమిటి?’ అన్న అభ్యంతరం వస్తుంది. అతను ఒడియా బైబిలు చదువుతాడన్న సంగతి అభ్యంతరం చెప్పినవారికీ తెలుసు.

నేను లెక్క రాసిన సంఘంలో మినిట్సు పుస్తకం మొదటి పేజీలు గుండ్రటి తెలుగులో ఉంటాయి. మధ్యలో ఒకచోట చేతిరాత మారి ఒడియా మొదలవుతుంది, కొత్త సెక్రటరీ ఆ తరంవాడు. కిందటి సమావేశంలో అతను తీర్మానాన్ని పైకి చదివి, తెలుగులో అర్థం చెప్పాడు. ఒడియా రాని వృద్ధ పెద్ద ఒకాయన రెండుసార్లు చెప్పించుకుని, డబ్బు మొత్తాన్ని అంకెల్లోనే కాక అక్షరాల్లో కూడా రాయమని పట్టుబట్టి, అది రాశాక తెలుగులో సంతకం పెట్టారు.