ఒకే చెయ్యి, రెండు తీర్పులు

చెక్ రాజధాని ప్రేగ్‌లో మార్షల్ రాడెట్స్కీ విగ్రహాన్ని తిరిగి నిలబెట్టాలన్న మాట ఎప్పుడు లేచినా అదే గొడవ. ఆయన మమ్మల్ని ఏలిన ఆస్ట్రియా సామ్రాజ్యపు సేనాని, మా నేల మీద వద్దు అంటారు వ్యతిరేకించేవాళ్లు. ఆ సామ్రాజ్యం కూలాక, 1919లో విగ్రహాన్ని నగరంలోని మాలా స్ట్రానా చౌక్‌లోంచి దించారు. ఆ చౌక్‌ను దశాబ్దాల పాటు కార్ల పార్కింగ్‌కు వాడుకున్నారు. విగ్రహం మాత్రం నేషనల్ మ్యూజియం వారు పాత శిల్పాలు దాచే లాపిడేరియంలోకి, నాలుగు గోడల మధ్యకు పోయింది.

ఈ గొడవలో ఎవరూ తలవని పేరు ఒకటుంది. ఆ విగ్రహం చేసిన శిల్పి ఎమాన్యుయేల్ మాక్స్. 1810లో ఉత్తర బొహీమియాలోని (నేటి చెక్ దేశంలో భాగం) యానోవ్ అనే పల్లెలో, జర్మన్ మాట్లాడే శిల్పుల కుటుంబంలో పుట్టాడు. ప్రేగ్‌లో పని నేర్చుకున్నాడు, రోమ్‌లో ఏళ్ల తరబడి ఉన్నాడు, తిరిగొచ్చి చర్చిలకు సెయింట్ల విగ్రహాలు చేశాడు. 1901లో ప్రేగ్‌లోనే కన్నుమూశాడు. ఒక చేత్తో జెండా, మరో చేత్తో దండం పట్టుకున్న రాడెట్స్కీ ఆయన చేసిన బొమ్మే. ఆ సేనానిని డాలు మీద నిలబెట్టి మోస్తున్న సైనికులు అన్న యోసెఫ్ మాక్స్ చేసినవి.

ఇప్పుడు ప్రేగ్‌లోనే ఉన్న చార్లెస్ వంతెన మీదికి రండి. బాల యేసును భుజాన ఎక్కించుకున్న సెయింట్ క్రిస్టోఫర్ 1857 నుంచీ అక్కడే ఉన్నాడు. అదీ ఈయన పనే. ఇద్దరు దేవదూతల నడుమ నిలబడ్డ సెయింట్ ఫ్రాన్సిస్ కూడా ఈయన పనే. 1853లో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ యోసెఫ్ మీద కత్తి దాడి జరిగింది. ఆయన ప్రాణాలతో బయటపడ్డాడన్న సంతోషంతో కొలోవ్రాట్ ప్రభువు పెట్టించిన విగ్రహమిది. అంటే చక్రవర్తి క్షేమంగా ఉన్నందుకు పెట్టిన విగ్రహం వంతెన మీద హాయిగా ఉంది, చక్రవర్తి సేనాని విగ్రహానికి మాత్రం చోటు లేదు. చేసింది ఒకే చెయ్యి. ఈ రెండు నాల్కల ధోరణినే మేం తప్పుపడుతున్నాం.

1848-49లో ఇటలీలో ఆస్ట్రియా పాలనపై తిరుగుబాటు మీద రాడెట్స్కీ చేసిన అణచివేతను మేం తక్కువ చేయడం లేదు. ఆ విగ్రహానికి పోసిన కంచు కూడా అక్కడ పట్టుకున్న ఫిరంగులదే. ఇటలీ వాళ్లకు కోపం రావడంలో న్యాయముంది. కానీ ఆ కోపం అందరికీ ఒకేలా వర్తించాలి కదా! నది ఒడ్డున చక్రవర్తి ఒకటో ఫ్రాన్సిస్ గుర్రం మీద కూర్చున్న విగ్రహం ఉండేది. యోసెఫ్ మాక్స్ చేసినదే. 1918లో దాన్నీ తీసేశారు. 2003లో దాని నకలు చేయించి అదే చోట మళ్లీ పెట్టారు. పాత ఊరి కూడలిలో మేరీ మాత స్తంభాన్ని ఆస్ట్రియా పాలనకు గుర్తని 1918 నవంబరు 3న గుంపు కూల్చేసింది. దాని నకలు 2020లో లేచింది. కూల్చడానికి ఒక్క పూట, నిలబెట్టడానికి దాదాపు 102 ఏళ్లు. ఏది ముద్దు, ఏది చేదు అన్నది పూటకో రకంగా తేలుస్తుంటే రేపు గుంపు ఇంకొక విగ్రహం మీదికి వచ్చినప్పుడు ఏ నోటితో ఆపుతారు?

మాక్స్ చెక్ జాతి వాడు కాదు, జర్మన్ అని కొందరి గొణుగుడు. మరి రాడెట్స్కీ? 1766లో బొహీమియాలోని త్రెబ్నిత్సెలో పుట్టిన చెక్ ప్రభువుల బిడ్డ. భాష చూసి శిల్పిని, ఉద్యోగం చూసి సేనానిని దూరం పెడితే ఇంక మిగిలేదెవరు? రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చెకోస్లొవేకియా నుంచి ముప్పై లక్షల మంది దాకా జర్మన్లను వెళ్లగొట్టారు. ఆ దెబ్బతో మాక్స్ పుట్టిన ప్రాంతంలో ఆయన భాష మాట్లాడేవాళ్లే దాదాపు లేకుండా పోయారు. ఇక ఆయన్ని తలుచుకునేదెవరు?

రాడెట్స్కీ వద్దంటే వద్దనండి. కానీ అదే శిల్పి చేసిన క్రిస్టోఫర్‌ను మన వారసత్వమని పర్యాటకులకు చూపించుకుంటూ ఆ మాట అనకండి. చక్రవర్తి నది ఒడ్డుకు తిరిగొచ్చినప్పుడు ఆయన సేనానికి మాత్రం ఈ శిక్ష ఎందుకో ప్రేగ్ పాలకులు ముందు చెప్పాలి.