ఎన్‌జీఎఫ్ గారూ, మీ రేషన్ షాపు గురించి ఒక మాట

నరాల కణాలని బతికించే ప్రోటీన్ నర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ గారికి నమస్కారం. పేరు చాంతాడంత ఉంది కాబట్టి ఎన్‌జీఎఫ్ గారూ అనేస్తా, ఏమీ అనుకోకండి.

పేరులో గ్రోత్ అని ఉంటే నేనూ ఏదో బలం టానిక్ అనుకున్నా, పడితే నరాలు ఏపుగా పెరుగుతాయి అంతే అని. తీరా చూస్తే మీది రేషన్ డీలర్‌షిప్. కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడు నరాల కణాలు అవసరానికి మించి పుట్టేస్తాయట, చాలా చోట్ల దాదాపు సగం చచ్చిపోతాయట, నొప్పి తెలిపే నరాల్లోనూ, గుండె, రక్తనాళాల లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే సింపథెటిక్ నరాల్లోనూ ఎవరుండాలో తేల్చేది మీ చుక్కే. చర్మంలోనో రక్తనాళం దగ్గరో మీరు కూర్చుని కొంచెం కొంచెం పోస్తుంటారు, ఎక్కడో వెన్ను పక్కన పుట్టిన కణం అక్కడిదాకా తీగ సాగదీసుకుంటూ వచ్చి క్యూలో నిలబడాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు సరే, మీరు అడిగినా అందరికీ పెట్టరు కదా! దొరికిన కణం మిమ్మల్ని ట్రక్-ఏ అనే రిసెప్టార్‌తో పట్టుకుని, బుల్లి సంచిలో మూటకట్టి, తీగ పొడవునా వెనక్కి ఇంటిదాకా మోసుకెళ్తుంది. మూట చేరితే బతుకు. చేరకపోతే చంపడానికి బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు, కాస్పేజ్ ఎంజైములు లోపలే రెడీగా ఉంటాయి, కణం తనంతట తనే ముక్కలైపోతుంది. చిన్నప్పుడు అమ్మమ్మతో కిరసనాయిలు డబ్బా పట్టుకుని నిలబడితే మా డీలరు "స్టాక్ లేదమ్మా" అని షట్టర్ దించేవాడు గానీ, పాపం ఇంటికెళ్ళి చావమని మాత్రం అనలేదు.

మీ గుట్టు లాగింది రీటా లెవీ-మొంటాల్చీనీ అనే యూదు శాస్త్రవేత్త. 1938లో ఇటలీలో ముస్సోలినీ చట్టాలతో యూదులని యూనివర్సిటీల నుంచి గెంటేస్తే ఆవిడ ట్యూరిన్‌లో తన బెడ్రూమునే ల్యాబ్ చేసుకుంది, కుట్టుపని సూదులు సానబెట్టుకుని కోడిగుడ్డులో పిండానికి కాలు మొలక కోసేసి చూసింది. కణాలు పుడుతూనే ఉన్నాయి, చేరాల్సిన కాలు లేక తర్వాత చస్తున్నాయి. ఆ గుడ్లు కూడా పిల్లలకి బలమని రైతులకి చెప్పి తెచ్చేదట, పరీక్ష అయ్యాక మిగిలింది వంటింటికి. యుద్ధకాలం మరి.

అసలు కోపం ఇక్కడ. అమెరికాలో ఆవిడతో పనిచేసిన స్టాన్లీ కోహెన్ మిమ్మల్ని ఎలుక ట్యూమర్ రసంలోంచి విడదీద్దామని, అందులో న్యూక్లిక్ ఆమ్లాలు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ) విరగడానికి కాస్త పాము విషం కలిపాడు. చూస్తే ట్యూమర్‌లో కంటే ఆ విషంలోనే మీరు బోలెడు! ఆ తర్వాత మగ ఎలుక లాలాజల గ్రంథిలో కుప్పలుగా దొరికారు. పిండంలో నరాలు చుక్క కోసం చస్తుంటే సరుకంతా పాము కోరల్లోకీ ఎలుక ఉమ్ములోకీ పోతోందన్నమాట, రేషన్ బియ్యం రాత్రిపూట లారీ ఎక్కినట్టు. దీనికి విజిలెన్స్ వాళ్ళు ఉండరా అండీ?

1986లో మీలాంటి గ్రోత్ ఫ్యాక్టర్లని కనిపెట్టినందుకు నోబెల్ ఇచ్చారు, రీటాకీ కోహెన్‌కీ. ముగ్గురిదాకా ఇవ్వొచ్చు, అయినా ఆవిడని సెయింట్ లూయిస్ పిలిపించుకుని ల్యాబ్‌లో చోటిచ్చిన విక్టర్ హాంబర్గర్‌కి ఇవ్వలేదు. మీ దగ్గరైతే కొరత అనుకోవచ్చు, అక్కడ కుర్చీ ఖాళీగా ఉండి కూడా!

సరే అవన్నీ పెద్దవాళ్ళ గొడవలు. నా అర్జీ చిన్నది. పిండంలో చుక్క లెక్కన ఏడిపించిన మీరు, మనిషి పెద్దయ్యాక వాచిన కీలు కనిపిస్తే చాలు అడక్కుండానే ధారగా పోసి నొప్పి నరాలని రెచ్చగొడతారు. మిమ్మల్ని అడ్డుకునే ఇంజెక్షన్లు చేసి చూశారు, నొప్పి తగ్గింది గానీ కొందరికి కీళ్ళే ఇంకా పాడయ్యాయి, అంటే మీతో అదీ కుదరదు. మా అమ్మమ్మకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, గడప దాటాలంటే గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడుతుంది. మీకు అలవాటైన పనే కదా, అక్కడ కాస్త "స్టాక్ లేదమ్మా" అని షట్టర్ దించండి.

ఇట్లు,
మీ దగ్గర సగం కణాలు పోగొట్టుకుని మిగిలిన సగంతో ఈ లెటర్ రాస్తున్న ఒక కార్డుదారు