రాక్షస పురుగులూ లేవు, వాటి గుడ్లూ లేవు. ఆ మందు మాత్రం చెరువులో పోయకండి

ఆ మెసేజ్ ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే రేపు పొద్దున్న కాఫీ తాగేలోపు వస్తుంది, టెన్షన్ పడకండి. బంధువుల గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, ఆక్వా రైతుల గ్రూపు, అన్నిట్లోనూ అదే. చివరికి మా పెదనాన్నగారు అమలాపురం నుంచి ఫోన్ చేసి, "ఒరేయ్, చందువా తినొచ్చా, మానెయ్యాలా?" అని అడిగారు. చేపల విషయంలో ఆయనకే అనుమానం వచ్చిందంటే ఇక ఊరుకుని లాభం లేదు.

చూడనివాళ్ల కోసం సారాంశం ఇది. కాకినాడ ఎదుట సముద్రం అడుగున గ్యాస్ కోసం తవ్వడం వల్ల ఇంతవరకూ భూమ్మీద లేని పురుగులు పుట్టాయట, శాస్త్రవేత్తలే "కొత్త జాతి" అని ఒప్పుకున్నారట. ఫొటోలో ఉన్న పద్నాలుగు కాళ్ల పురుగు విషమట, చేపల నాలుకలు తినేస్తుందట, ఆ చేప తిన్న మనిషికీ ముప్పేనట. వాటి గుడ్లు ఉప్పుటేరుల్లోంచి చెరువుల్లోకి వచ్చేశాయట, రొయ్యలు పోతున్నది అందుకేనట, ఫలానా మందు కొట్టాలట. శాస్త్రవేత్తలు మాత్రం కోట్లు ఖర్చుపెట్టి పురుగులకు తమ పేర్లు పెట్టుకుంటున్నారట. యునెస్కో ధ్రువీకరించిందట. చివర మామూలే, పదిమందికి పంపమని.

యునెస్కోతో మొదలుపెడదాం, తొందరగా అయిపోతుంది. రొయ్యల జబ్బులకు సర్టిఫికెట్లు ఇవ్వడం దాని పని కాదు. అయిపోయింది.

తర్వాత "పుట్టాయి" అన్న మాట. జనాభా లెక్కలవాళ్లు మన వీధికి వచ్చి పేరు రాసుకున్న రోజే మనం పుట్టామని ఎవరూ అనరు కదా. కొత్త జాతి సంగతీ అంతే. జీవి ఎప్పటినుంచో ఉంది, పుస్తకంలోకి ఇప్పుడెక్కింది. మన కృష్ణా-గోదావరి బేసిన్‌నే చూడండి. 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు 'సింధు సాధన' నౌకలో వచ్చి, ఇక్కడ 1,700 మీటర్లకు పైబడిన లోతులో, అడుగు మట్టిలోంచి మీథేన్ తనంతట తాను పైకి వస్తున్న చోట్లు కనిపెట్టారు. ఎండ పొడ తగలని ఆ చీకట్లో ఆల్చిప్పలు, పీతల్లాంటివి, గొట్టం పురుగులు ఆ గ్యాస్ ఆసరాతోనే బతుకుతున్నాయి. ఇదే బేసిన్ అడుగు మట్టిలో ఇలాంటి ఆల్చిప్పల పెంకులే పదుల వేల ఏళ్ల నాటివి దొరికాయి. అప్పటికి ఏ కంపెనీ వచ్చి తవ్విందో ఆ మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

గ్యాస్ అంటే మనవాళ్లకు భయం ఉండటం మాత్రం తప్పని నేననను. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా పోయారు. ఆ ప్రశ్నలు అడగాల్సినవాళ్లను గట్టిగా అడుగుదాం. సముద్రం అడుగు కెలికితే అక్కడి జీవులకు నష్టమే, అదీ నిజం. పెరూ ఎదుట 1989లో ప్రయోగం కోసం దున్నిన చాళ్లు 2015లో వెళ్లి చూస్తే ఇంకా అలాగే ఉన్నాయి. అంటే కెలకడం వల్ల ఉన్న జీవులు పోతాయి. కొత్తవి పుట్టవు.

ఇక ఫొటో. అది బాథినోమస్. పూలకుండీ ఎత్తితే కింద కనబడి, వేలు తగలగానే ఉండచుట్టుకునే బూడిదరంగు పురుగు ఉందే, దానికి సముద్రంలో ఉన్న పెద్ద చుట్టం. మొదటిసారి 1879లోనే మెక్సికో సింధుశాఖలో దొరికినదానికి పేరు పెట్టారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా కాలేదు. ఇండోనేషియాలో 2020లో ఒక జాతికి, వియత్నాం దగ్గర దొరికిన ఇంకో జాతికి 2025లో పేర్లు పెట్టారు. ఈ వియత్నాం పురుగును శాస్త్రవేత్తలు సముద్రంలో దిగి పట్టలేదు, అక్కడి జాలర్ల దగ్గర డబ్బులిచ్చి కొన్నారు. జాలర్లు దాన్ని పట్టేది ఎందుకు? హోటళ్లలో ఆవిరి మీద ఉడికించి, మనం పీతలు తిన్నంత ఇష్టంగా తింటారు కాబట్టి. విషమైతే ఈపాటికి ఆ హోటళ్లు మూతపడాలి.

నాలుక తినేది అది కాదు, సైమోథోవా అనే చాలా చిన్న జీవి. మొప్పల్లోంచి దూరి, నాలుకను పట్టుకుని రక్తం పీలుస్తుంది. నాలుక ఎండిపోతే ఆ చోట తానే కూర్చుంటుంది. చూడటానికి ఒళ్లు జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది మనుషులకు పట్టదు. మెసేజ్‌లో దీని కథ తీసుకెళ్లి దాని ఫొటోకి అతికించారు. బొచ్చె, శీలావతి చెరువుల్లో చేప పేను చూసిన రైతులు కూడా దీనికి బెదిరిపోవడమే నాకు ఆశ్చర్యం. పెదనాన్నగారూ, చందువా శుభ్రంగా కడిగించి పులుసు పెట్టించుకోండి.

కోట్లు, పేర్లు అన్న గొడవ. తాను కనిపెట్టినదానికి తన పేరే పెట్టుకోవడం ఆ రంగంలో మర్యాద కాదు, నవ్వులపాలవుతారు. పని ఎలా ఉంటుందో కాస్త చూడండి. కిలోమీటర్ల లోతు నుంచి ఇనుప పెట్టెతో మట్టి పైకి లాగుతారు. 0.3 మిల్లీమీటర్ల కన్నాల జల్లెడలో మెల్లగా కడుగుతారు. మిగిలిన తుక్కులోంచి మైక్రోస్కోపు కింద ఒక్కో జీవినీ ఏరుతారు. నువ్వుగింజంత రొయ్యజాతి జీవి దొరికిందనుకోండి, దాని నోటి భాగాలు, కాళ్లు సూదితో ఒక్కొక్కటీ ఊడదీసి, ప్రతిదాని బొమ్మా గీయాలి. పురుగైతే పక్కల ఉండే ముళ్లవెంట్రుకల కొనలు చూడాలి, తేడా అక్కడే తెలుస్తుంది. పాత జాతులన్నిటితో పోల్చి, ఏదీ కాదని తేలాక పేరు పెట్టి, ఆ నమూనాను మ్యూజియంలో భద్రం చెయ్యాలి. ఒక కొత్త జాతి మొదట మనిషి చేతికి దొరికిన రోజు నుంచి దానికి పేరు పడేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో లెక్కతేల్చారు.

ఇందాకటి గొట్టం పురుగుల కుటుంబం కథే తీసుకోండి. డచ్చివాళ్ల 'సిబోగా' నౌక 1899-1900లో ఇండోనేషియా సముద్రాల్లోంచి దారప్పోగుల్లాంటివి తెచ్చింది. పేరు పడింది 1914లో. నోరు లేదు, పేగు లేదు, అసలిది ఏ వర్గం జీవో తెలియక పండితులు జుట్టు పీక్కున్నారు. కారణం తమాషాగా ఉంటుంది. పైకి లాగినప్పుడల్లా తోక తెగి మట్టిలోనే ఉండిపోయేది. తోకతో సహా నమూనా 1964లో దొరికాక, ఆ తోకకు కణుపులూ ముళ్లూ చూశాక, ఇది వానపాము వర్గపు పురుగేనని దారి దొరికింది. తిండి పెట్టేది ఒంట్లో కాపురమున్న బ్యాక్టీరియా అని ఆ తర్వాత తేలింది. ఇంత ఓపిక ఉన్నవాళ్లను తిండిదండగ అంటున్నది, మెసేజ్ పూర్తిగా చదవకుండానే ఫార్వర్డ్ కొట్టే మనం.

శాస్త్రవేత్తల తప్పు అసలు లేదా? కొంత ఉంది. వియత్నాం పురుగు తల ఒక హాలీవుడ్ సినిమా విలన్ హెల్మెట్‌లా ఉందని అతని పేరే పెట్టారు. పత్రికలు "రాక్షసి", "ఏలియన్" అని హెడ్డింగులు కడితే ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ హెడ్డింగులే తిరిగి తిరిగి మన ఫోన్లలోకి ఇలా వచ్చాయి.

మిగతా అబద్ధాలతో మహా అయితే చేపల కూర మానేస్తాం. చెరువు మాట అలాంటిది కాదు.

గుడ్లు కొట్టుకొచ్చాయట. బాథినోమస్ గుడ్లను నీళ్లలో వదలదు. తల్లి పొట్ట కింద సంచి ఉంటుంది, పిల్లలయ్యేదాకా అందులోనే మోస్తుంది. గుడ్డు సెంటీమీటరు పైన ఉంటుంది. మన రైతు నీళ్లు తోడేటప్పుడు గొట్టానికి కట్టే ఫిల్టర్ వలలోంచి దోమపిల్లే దూరదు, మరి ఆ గుడ్డు దూరిందట! లోతు సముద్రపు చలికి, పైనున్నదానికి ఎన్నో రెట్ల ఒత్తిడికి అలవాటైన పురుగు, ముప్పై డిగ్రీల మీటరున్నర నీటిలో కాపురం పెట్టిందట! దానికి మన చెరువుల్లో పెంచే వన్నామి రొయ్య ధర కూడా తెలిసే వచ్చిందేమో.

మెసేజ్ చెప్పిన మందు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్. డోసు నేనిక్కడ రాయను. రొయ్యల సాగులో దాన్ని ఎప్పుడో నిషేధించారు. సరుకులో దాని ఆనవాలు ఏమాత్రం బయటపడినా విదేశాల నుంచి కంటైనర్ తిరిగొస్తుంది, ఆ దెబ్బ చివరికి పడేది గట్టు మీదున్న రైతు రేటు మీద. పోనీ జబ్బు తగ్గుతుందా? వైట్ స్పాట్ జబ్బు తెచ్చేది వైరస్. కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాకుండా ఎదుగుదల ఆపేసే ఈహెచ్‌పీ, రొయ్య తలలోని జీర్ణగ్రంథి కణాల్లో పెరిగే పరాన్నజీవి, 2009లో థాయిలాండ్‌లో దానికి పేరు పెట్టారు. రెంటికీ యాంటీబయాటిక్ పనిచెయ్యదు. ఇంకో జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియానే కదా అంటారేమో, అప్పుడైనా నిషేధం నిషేధమే.

పైగా "అడుగు పురుగులు చచ్చేలా బ్లీచింగ్ దట్టంగా" కొట్టమని ఇంకో సలహా. సీడ్, అంటే రొయ్యపిల్లల్ని, వదలకముందు నీళ్లకు బ్లీచింగ్ కొట్టడం వేరు. రొయ్యలున్న చెరువులో కొడితే నీళ్లలో తేలాడే ప్లాంక్టన్ అనే సన్నజీవాలు చస్తాయి, రొయ్య ఏరుకు తినే అడుగు పురుగులు చస్తాయి, అదంతా కుళ్లి తెల్లవారుజామున డీవో, అంటే నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్, పడిపోతుంది. ఏరియేటర్లు ఎన్ని తిప్పినా రొయ్యలు గట్టు పక్కకు వచ్చి తేలతాయి. అప్పుడు మెసేజ్ పంపినాయన, "చూశారా, పురుగులు ఎంత పని చేశాయో" అంటాడు.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. పురుగులకీ రొయ్యల జబ్బులకీ సంబంధమే లేదంటే అబద్ధం. ఉంది. సీడ్ తయారుచేసే హేచరీల్లో తల్లి రొయ్యలు బాగా గుడ్లు పెట్టాలని బతికున్న పాలీకీట్ పురుగులు మేపుతారు. ఎర్రగా, ఒంటికి రెండు వైపులా దువ్వెన పళ్లలా చిన్న చిన్న కాళ్లతో ఉండే తీరపు బురద పురుగులు. జబ్బు చెరువు నీళ్లు మురుగుకాలువలోకి, అక్కడినుంచి బురదలోకి పోతాయి. ఆ బురద తిన్న పురుగు ఒంట్లో వైట్ స్పాట్ వైరస్, ఈహెచ్‌పీ రెండూ ఉండొచ్చని పరీక్షల్లో తేలింది. పురుగు నుంచి తల్లికి, తల్లి నుంచి సీడ్‌కి, సీడ్‌తో మళ్లీ మన చెరువుకి. దారి ఇదీ, లోతు సముద్రం కాదు. ఆ బురదలో ఏ జాతి పురుగు జబ్బు మోస్తోందో తేల్చాలన్నా, ముళ్లవెంట్రుకలు చూసి పేరు చెప్పగల ఆ తిండిదండగ మనుషులే కావాలి.

కాబట్టి సీడ్ బుక్ చేసేముందు హేచరీవాళ్లను అడగండి. తల్లి రొయ్యలకు పెడుతున్నవి బురదలో తవ్వి తెచ్చిన పురుగులా, జబ్బుల్లేకుండా పెంచినవా? ఈ బ్యాచ్‌కి వైట్ స్పాట్, ఈహెచ్‌పీ రెంటికీ పీసీఆర్ రిపోర్టు ఉందా? రిపోర్టు మీద తేదీ, బ్యాచ్ నంబరు కూడా చూసుకోండి. పాత రిపోర్టు జిరాక్స్ చేతిలో పెట్టేవాళ్లూ ఉన్నారు.